మజామా బూడిద మీద పెరిగిన అడవి

పార నిండా ఎత్తిన మట్టి చేతికి బరువు తెలియకపోవడం నాకు అమెరికాలో, ఉత్తర ఐడహోలోని లేటా కౌంటీ అడవుల్లోనే మొదటిసారి అనుభవానికి వచ్చింది. నేను ఆదిలాబాద్ జిల్లాలో, పత్తి పండే నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. వానాకాలంలో ఆ చేలకు అడ్డంపడి నడిస్తే నాలుగు అడుగులకే చెప్పులకు మట్టి గడ్డలు కట్టి, చివరికి చెప్పులు చేతపట్టుకుని ఇల్లు చేరవలసి వస్తుంది. ఎండాకాలంలో అదే నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, గడ్డపార వేస్తే ఖణేలుమంటుంది. తడిగా ఉన్నా, ఎండినా మట్టి అంటే బరువైనదే అన్న నమ్మకం నాలో చిన్నప్పుడే స్థిరపడింది. నేల శాస్త్రం చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, తొలి వేసవిలో అడవిలో గుంత తవ్వడం మొదలుపెట్టిన పావుగంటలోనే ఆ నమ్మకం చెదిరిపోయింది.

మేము తవ్విన చోటు ఉత్తరం వైపు వాలిన కొండ చరియ. ఎర్ర సెడార్, గ్రాండ్ ఫర్, అక్కడక్కడా డగ్లస్ ఫర్ చెట్లు దట్టంగా ఉన్నాయి. అది ఆగస్టు నెల కావడంతో పైన రాలిన సూదుల్లాంటి ఆకులు ఎండి కాలి కింద కరకరలాడుతున్నాయి. ఆ ఆకుల పొర నాలుగైదు సెంటీమీటర్లు. దాని కింద వేళ్లతో అల్లుకుపోయిన సన్నని ముదురు పొర మరో ఆరు సెంటీమీటర్లు. అక్కడి నుంచి 48 సెంటీమీటర్ల లోతు వరకు ఒకే రంగు, ఒకే మెత్తదనం గల పసుపు కలిసిన గోధుమరంగు మట్టి కనిపించింది, మెత్తగా జల్లించిన పిండిని కొండ మీద పరిచినట్టుగా. రాయి అన్నది దాదాపుగా లేదు. కొండ మీద తవ్వుతూ అరమీటరు దాకా పారకు రాయి తగలకపోవడం ఎంత విడ్డూరమో, మొరం నేలల్లో బావి తవ్వించిన వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. 48 సెంటీమీటర్ల దగ్గర ఆ పొర గీత గీసినట్టు ఆగిపోయి, పాలిపోయిన ఒండ్రు వంటి మట్టి మొదలైంది. అది గాలి మోసుకొచ్చి పోసిన సన్నని ధూళి. ఇంకా దిగువన, 80 సెంటీమీటర్లు దాటాక, తేమగా ఉన్నా గట్టిగా, విరిస్తే పెళుసుగా ముక్కలయ్యే బిగుసుకుపోయిన పొర తగిలింది. ఒకే గుంతలో మూడు కాలాలకు చెందిన మూడు నేలలు ఒకదానిపై ఒకటి కూర్చుని ఉన్నాయి. నేను చెప్పదలచింది అన్నిటికంటే పైనున్న, అన్నిటికంటే చిన్నదైన పొర గురించి.

ఆ పొర ఈ కొండది కాదు. ఇక్కడికి దాదాపు 580 కిలోమీటర్ల దూరంలో, నైరుతి దిశగా, ఒరెగాన్ రాష్ట్రంలో ఒకప్పుడు మజామా అనే అగ్నిపర్వతం ఉండేది. సుమారు 7,700 ఏళ్ల క్రితం అది బద్దలై, లోపలి శిలాద్రవం ఖాళీ అయ్యాక శిఖరం తనలోకి తానే కుంగిపోయింది. ఆ గొయ్యిలో వాననీరు, మంచునీరు చేరి ఏర్పడిందే నేటి క్రేటర్ లేక్. 594 మీటర్ల లోతుతో అమెరికాలోకెల్లా లోతైన సరస్సు. అప్పుడు ఎగసిన బూడిద గాలివాటున ఈశాన్యానికి సాగి వాషింగ్టన్, ఐడహో, మోంటానా కొండల మీద, కెనడాలో కూడా పడింది. దాని రేణువులు గ్రీన్లాండ్ మంచు పొరల్లో సైతం దొరికాయి. అప్పటికే అక్కడ మనుషులున్నారు. ఒరెగాన్‌లోని ఫోర్ట్ రాక్ గుహలో 1938లో లూథర్ క్రెస్‌మన్ జరిపిన తవ్వకాల్లో, మొక్కల నారతో అల్లిన చెప్పులు ఈ బూడిద పొర కిందనే బయటపడ్డాయి. క్లమత్ జాతి ప్రజలు ఆ పర్వతం కూలడాన్ని పాతాళ ప్రభువు లావ్‌కు, పైలోక ప్రభువు స్కెల్‌కు జరిగిన యుద్ధంగా నేటికీ చెప్పుకుంటారు.

ఇటువంటి బూడిద మన వైపు కూడా పడింది. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద మందపాటి పొరగా ఉంది. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. అయితే అక్కడ ఆ బూడిద పాతిపెట్టిన పొరగా మిగిలింది, ఇక్కడిలా అడవిని మోసే పైనేల కాలేదు.

ఇక్కడ మాట గురించి ఒక చిన్న హెచ్చరిక చేయాలి. బూడిద అనగానే మనకు పొయ్యిలో మిగిలినది, గిన్నెలు తోమడానికి వాడినది గుర్తుకు వస్తుంది. అది కట్టె కాలగా మిగిలిన లవణాల పొడి. నీటిలో కలిపితే క్షార గుణం చూపిస్తుంది. అగ్నిపర్వతపు బూడిదలో కాలినదేమీ లేదు. శిలాద్రవంలో ఇమిడి ఉన్న వాయువులు, సోడా సీసా మూత తీసినప్పటిలా, ఒక్కసారిగా ఉబ్బి ద్రవాన్ని తుంపరలుగా చీల్చివేస్తాయి. ఆ తుంపరలు గాలిలోనే గడ్డకట్టి గాజుపొడిగా నేలకు రాలుతాయి. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకం కింద చిటికెడు మట్టిని ఉంచి చూస్తే, గోధుమరంగు పూత కింద అక్కడక్కడా తళుక్కుమనే వంకర పెంకులు కనిపించాయి. పగిలిన బుడగల గోడలే ఆ పెంకులు. గాజు అన్న ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఈ నేల గుణాలన్నీ దాని వెంటే వస్తాయి.

మా ఊరి రేగడి కూడా అగ్నిపర్వతపు సంతానమే. దక్కన్‌లో సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పారిన లావా చల్లబడి నల్లరాయి అయింది. ఆ రాతి పరుపుల అంచు ఆదిలాబాద్ దాకా వచ్చింది. ఆ లావా పొరలు పొరలుగా పరుచుకుని తీరికగా చల్లబడటం వల్ల, అందులోని అణువులకు వరుస కట్టి స్ఫటికాలుగా కుదురుకునే వ్యవధి దొరికింది. స్ఫటికం నిదానంగా శిథిలమవుతుంది. ఒక కారు వాన, ఒక కారు ఎండ ఉండే వాతావరణంలో, సున్నం, మెగ్నీషియం కొట్టుకుపోకుండా నిలిచిన చోట, ఆ శిథిలం నుంచి పుట్టినదే నీరు తాగితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే పలకల బంకమట్టి. గాజుకు అటువంటి వరుస లేదు. గాలిలో క్షణంలో గడ్డకట్టింది కనుక అణువులు ఎక్కడివక్కడే చిక్కుబడిపోయాయి. అందుకే నీరు సోకగానే అది తొందరగా కరుగుతుంది. కరిగిన సిలికా, అల్యూమినియం చక్కని స్ఫటికాలు కట్టేలోపే తొందరపాటు ఖనిజాలుగా స్థిరపడిపోతాయి. వాటిలో ముఖ్యమైనది అల్లోఫేన్. అది మిల్లీమీటరులో లక్షల వంతు పరిమాణమున్న బోలు గోళీల సమూహం. ఒక గ్రాము అల్లోఫేన్ గోళీల ఉపరితలాన్ని విప్పి పరిస్తే కొన్ని వందల చదరపు మీటర్లు వస్తుంది. దానికి తోడు దారాల్లాంటి ఇమోగొలైట్, తుప్పురంగు ఫెర్రిహైడ్రైట్ ఉంటాయి. మా గుంతలోని మట్టికి ఆ గోధుమరంగు ఇచ్చింది ఈ చివరిదే. ఇక్కడి బూడిద వయసు ఎనిమిది వేల ఏళ్లకు లోపు కావడం, ఇది చలి ప్రాంతం కావడం వల్ల గాజు ఇంకా చాలా వరకు మిగిలే ఉంది. నేల ఇంకా తయారవుతూనే ఉంది.

తేలికదనాన్ని చేతితో కాక తూకంతో చూడాలి కనుక, 100 ఘన సెంటీమీటర్లు పట్టే ఉక్కు వలయాన్ని పొరలోకి మెల్లగా దించి, లోపలి మట్టి చెదరకుండా తీశాము. రేగడిలో ఈ పనికి సుత్తి కావాలి, ఇక్కడ అరచేతితో నొక్కితే దిగిపోయింది. 105 డిగ్రీల వేడిలో ఒక రోజంతా ఆరబెట్టి తూచితే 71 గ్రాములు తేలింది. అంటే ఘన సెంటీమీటరుకు 0.71 గ్రాములు, నీటి కంటే తేలిక. అదే గుంత అడుగున బిగుసుకుపోయిన పొర నుంచి తీసిన వలయం 160 గ్రాములు దాటింది. మట్టి రేణువుల సొంత సాంద్రతను దృష్టిలో పెట్టుకుని లెక్క వేస్తే, ఆ పై పొరలో నాలుగింట దాదాపు మూడు వంతులు ఖాళీయే. అంత ఖాళీ ఉన్న కట్టడం మీద వంద అడుగులు దాటిన చెట్లు నిలబడి ఉన్నాయి.

ఆ ఖాళీ ఊరికే లేదు. ఐడహో కొండల్లో వాన చలికాలానిది. ఏడాదిలో పడే నీటిలో ఎక్కువ భాగం మంచుగా పడి వసంతంలో కరుగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు, చెట్టు పెరగవలసిన వెచ్చని రోజుల్లో, చినుకు రాలడమే అరుదు. మన దగ్గర వానాకాలమే పెరుగుదల కాలం కనుక ఈ తిరకాసు మనకు సులభంగా తలకెక్కదు. మంచు కరిగిన నీటిని పట్టి ఉంచి, బెట్ట మూడు నెలలూ చెట్టుకు కొద్దికొద్దిగా అందించే పని ఈ బూడిద పొరది. గాజు పెంకుల మధ్య, పెంకుల లోపలి బుడగల్లో, అల్లోఫేన్ గోళీల నడుమ ఉన్న సన్నని రంధ్రాలు నీటిని కిందికి జారనివ్వవు. అలాగని వేరుకు అందనంత బిగువుగా కూడా పట్టుకోవు. రేగడి కూడా నీటిని బాగా నిలుపుకుంటుంది, కానీ తాను పట్టుకున్న దానిలో పెద్ద భాగాన్ని బంకమట్టి తనకే అట్టిపెట్టుకుంటుంది. మా గుంతలో, పైన ఆకులు కరకరలాడుతున్న ఆ ఆగస్టు మధ్యాహ్నం, 30 సెంటీమీటర్ల దగ్గరి మట్టిలో వేలు పెడితే చల్లగా తగిలింది. దుక్కి దున్నే రైతు భాషలో చెప్పాలంటే పదును పోలేదు. గుంత గోడలో కనిపించిన వేళ్లలో చాలా వరకు ఈ పొరలోనే తిరుగుతున్నాయి. బిగుసుకుపోయిన పొర దగ్గరకు వచ్చినవి గోడ తగిలినట్టు పక్కకు మళ్లి, బీటల వెంట మాత్రమే కిందికి దిగాయి. వసంతంలో మంచునీరు కూడా ఆ పొర మీదే ఆగి నిలుస్తుందనడానికి సాక్ష్యంగా అక్కడ బూడిదరంగు చారలు ఉన్నాయి.

ఈ మట్టి చేతిలో ప్రవర్తించే తీరు వేరు. చెమ్మగా ఉన్న ముద్దను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి గట్టిగా నలిపితే, అంతవరకు పొడిపొడిగా ఉన్నది ఒక్కసారిగా జారి, సబ్బులా పూత పూస్తుంది. ఒత్తిడి తీయగానే మళ్లీ బిగుస్తుంది. గోళీల లోపలి నీరు ఒత్తిడికి బయటపడటం వల్ల అలా జరుగుతుంది. జపాన్‌లోనో, హవాయిలోనో బాగా శిథిలమైన బూడిద నేలల్లో ఈ జారుడు ఇంకా స్పష్టంగా ఉంటుంది, ఇక్కడ కొంచెమే. ఇది బంకమట్టి జిగట కాదు. రేగడిలా వేళ్లకు అంటుకుని సాగదు, రిబ్బన్‌లా రాదు.

ఈ తేడా తెలియక నేను ఒక వారం పని పాడుచేసుకున్నాను. ఇంటి దగ్గర నేర్చుకున్న పద్ధతిలో, తెచ్చిన నమూనాలన్నిటినీ కాగితాల మీద పరిచి గాలికి ఆరబెట్టి, దంచి, జల్లించి, ఆ తరువాతే ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్లు తేల్చడానికి గాజు గొట్టాల్లో నీళ్లు పోసి కలిపాను. లెక్క చూస్తే బంకమట్టి నాలుగు శాతం వచ్చింది, ఇసుక ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. సంగతి ఏమిటంటే, అల్లోఫేన్ ఒకసారి ఎండితే గోళీలు ఒకదానికొకటి అతుక్కుని, తిరిగి ఎంత నానబెట్టినా విడిపోని గింజలవుతాయి; ఆ గింజలనే నేను ఇసుకగా లెక్కపెట్టాను. మా మార్గదర్శకులు ఆ అంకెలు చూసి ఏమీ అనకుండా, మళ్లీ అడవికి వెళ్లి మట్టిని తడిగానే సంచిలో మూటకట్టి తెమ్మన్నారు. వర్గీకరణ గ్రంథాలు సైతం ఇటువంటి నేలల దగ్గరకు వచ్చేసరికి ఇసుక, ఒండ్రు, బంక అన్న పాత మాటలను పక్కనపెట్టి, వేరు పీల్చలేని స్థితిలో కూడా మట్టిలో ఎంత నీరు మిగులుతుందన్న దాన్నిబట్టి వేరే పేర్లు పెట్టుకున్నాయి.

అల్లోఫేన్ ఉందో లేదో గుంత దగ్గరే తేల్చుకునే ఉపాయం ఒకటుంది. అది నాకు బాగా నచ్చింది. క్షారం తగిలితే గులాబీరంగుకు మారే ఫినాల్ఫ్తలీన్ పట్టించిన వడపోత కాగితం మీద చిటికెడు మట్టి రుద్ది, దాని మీద సోడియం ఫ్లోరైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు. ఫ్లోరైడ్ అల్యూమినియం దగ్గరకు వెళ్లి, అక్కడ అంటిపెట్టుకుని ఉన్న హైడ్రాక్సిల్‌ను, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ల జంటను, తన్ని తాను కూర్చుంటుంది. వెళ్లగొట్టబడిన హైడ్రాక్సిల్ వల్ల క్షారత పెరిగి, దాని కొలత అయిన పీహెచ్ 9.4 దాటి, కాగితం గులాబీరంగుకు తిరుగుతుంది. మా బూడిద పొర మట్టికి కొద్ది క్షణాల్లోనే రంగు వచ్చింది, దాని కిందనున్న ధూళి పొర మట్టికి రాలేదు. కంటికి కనిపించిన గీత రసాయనానికి కూడా కనిపించిందన్నమాట. ఇదే పరీక్ష మా చేనులో చేస్తే అక్కడా గులాబీరంగు రావచ్చు, కానీ అది అబద్ధపు సాక్ష్యం. రేగడి అడుగున ఉండే సున్నపు గులకల వల్ల ఆ రంగు వస్తుంది, అల్లోఫేన్ వల్ల కాదు.

ఆ హైడ్రాక్సిల్ స్థానాల్లోకి ఫ్లోరైడ్ ఎలా దూరుతుందో, భాస్వరం కూడా అలాగే దూరుతుంది, ఇక బయటికి రాదు. ఈ నేలలకున్న పెద్ద లోపం ఇదే. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో గుంత ఫొటోలు చూపిస్తే మా బాపు అడిగిన మొదటి ప్రశ్న కూడా దీన్నే తాకింది: "మన్ను మంచిగ బుక్కలెక్క ఉన్నది గని, డీఏపీ ఏస్తే ఆగుతదా బిడ్డా?" ఆగుతుంది బాపూ, మరీ ఎక్కువగా ఆగుతుంది, మళ్లీ మొక్కకు ఇవ్వదు అన్నాను. "గట్లయితే అది మన్నుగాదు, వడ్డీ వ్యాపారి" అని ఆయన తీర్పు చెప్పేశారు. వేసిన భాస్వరంలో ఎంత భాగాన్ని మట్టి బంధిస్తుందన్నదే బూడిద నేలలను గుర్తించే కొలమానాల్లో ఒకటి. బాగా శిథిలమైన వాటిలో అది 85 శాతం దాటాలి, ఇక్కడిలా గాజు ఎక్కువగా ఉన్న వాటికి 25 శాతం ఉన్నా చాలు. అడవి మాత్రం బయటి ఎరువు మీద ఆధారపడదు. రాలిన ఆకు కుళ్లి, దానిలోని భాస్వరం మట్టిలోకి జారకముందే పై పొరలోని వేళ్లు, వేళ్లకు అల్లుకున్న శిలీంధ్రపు దారాలు అందుకుంటాయి.

1978లో గై స్మిత్ అనే నేల శాస్త్రవేత్త ఈ నేలలకు ప్రత్యేకమైన శ్రేణి ఉండాలని ప్రతిపాదించారు. అమెరికా వర్గీకరణలో 1990లో ఆండిసాల్ అన్న పేరుతో అది చేరింది. దానికి మూలమైన 'ఆండో' జపాన్ మాట. నల్లని నేల అని అర్థం. మా గుంతలో నలుపు పైనున్న ఆరు సెంటీమీటర్లకే పరిమితం కావడం చూసి నాకు మొదట ఆ పేరు అతకనిదిగా తోచింది. జపాన్‌లో తరతరాలుగా గడ్డి పెరిగి, వేళ్లు లోపలే కుళ్లి, ఆ సారం అల్యూమినియంతో కట్టుబడి నలుపెక్కిన నేలలను చూసి పెట్టిన పేరు అది. సూదాకుల అడవి తన ఆకును పైనే రాలుస్తుంది కనుక ఇక్కడ లోపల గోధుమరంగే మిగిలింది. లేటా కౌంటీలోని ఒక వాగు పేరు మీదుగా త్రీబేర్ అని పిలిచే నేల ఐడహో రాష్ట్ర నేలగా గుర్తింపు పొందింది. దానిలోనూ పైన మజామా బూడిద, కింద ధూళి, అడుగున బిగుసుకుపోయిన పొర ఉంటాయి.

బూడిద అన్ని కొండల మీదా సమానంగా పడినా, అన్ని చోట్లా నిలవలేదు. దక్షిణం వైపు వాలిన చరియలు ఎండకు ఎండి, తరచుగా కార్చిచ్చులకు లోనై, చెట్టు పలచబడిన చోట వానకు, గాలికి తమ బూడిదను పోగొట్టుకున్నాయి. శిఖరానికి అటూ ఇటూ నడిస్తే, ఉత్తరాన సెడార్ నీడ, దక్షిణాన గడ్డి మధ్య అక్కడక్కడా పొండెరోసా పైన్ కనిపిస్తాయి. ఈ తేడాలో ఎండ వాటా ఎంతో, మిగిలిన బూడిద మందం వాటా కూడా అంతే అని నా అభిప్రాయం. ఇప్పటి ముప్పు యంత్రాలది. తడిగా ఉన్నప్పుడు దుంగలు లాగే బండి నాలుగైదుసార్లు ఒకే దారిన తిరిగిందంటే ఆ ఖాళీలు నలిగిపోతాయి. తిరిగి విచ్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రేగడికైతే ఏటా ఉబ్బి, కుంచించుకుని తనను తాను దున్నుకునే గుణం ఉంది, ట్రాక్టరు చేసిన గాయాన్ని కొంతవరకు అదే మాన్పుకుంటుంది. బూడిద నేలకు ఆ శక్తి లేదు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ పర్వతం పేలినప్పుడు ఈ ప్రాంతం మీద కొత్త బూడిద పడింది కానీ, ఇక్కడికి చేరింది పలచని పూత మాత్రమే. కొట్టుకుపోయిన అరమీటరుకు అది బదులు కాదు.

పని ముగిశాక గుంతను తిరిగి పూడ్చాము. తవ్వేటప్పుడే మూడు పొరల మట్టినీ మూడు టార్పాలిన్ల మీద వేరువేరుగా పోసుకున్నాము కనుక, అడుగుది అడుగున, బూడిద పైన వచ్చేలా నింపి, ఒక్కొక్క పొరనూ కాళ్లతో తొక్కుతూ వచ్చాము. చివరి పార వేశాక కూడా గుంత జానెడు లోతుగానే మిగిలిపోయింది. మా ఇల్లు కట్టేముందు తాత మూరెడు గుంత తీయించి, అదే మట్టితో పూడ్పించి, మట్టి మిగిలితే స్థలం మంచిది, తక్కువ పడితే కీడు అని చూసిన సంగతి గుర్తుకు వచ్చింది. ఆ లెక్కన ఈ కొండ మీద ఎవరూ ఇల్లు కట్టకూడదు. తోటివాళ్లకు ఆ మాట చెప్పి, చుట్టుపక్కల ఆకులు, విరిగిన కొమ్మలు పోగుచేసి ఆ జానెడూ నింపి, టార్పాలిన్లు దులిపి మడతపెట్టుకున్నాము.